ప్లేయర్ రాకముందే నిద్రలేచే వీధి: గేమ్‌లో పాతబస్తీకి ప్రాణం పోయడం ఎలా

ఓపెన్ వరల్డ్ గేమ్ (ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగగలిగే గేమ్) చేయాలనుకునే కుర్రాళ్లు చాలామంది మ్యాప్ సైజుతో మొదలుపెడతారు. చార్మినార్ ఉండాలి, గోల్కొండ ఉండాలి, ట్యాంక్‌బండ్, హైటెక్ సిటీ కూడా ఉండాలి అంటారు. నెలల తరబడి మోడలింగ్ చేస్తారు. తీరా ఆడి చూస్తే షూటింగ్ అయిపోయిన సెట్టులో తిరుగుతున్నట్టు ఉంటుంది. చార్మినార్ కొలతలు సరిగ్గానే ఉంటాయి గానీ దాని కింద ఎవరికీ ఏ పనీ ఉండదు. మనుషులు నడుస్తూనే ఉంటారు, ఎక్కడికీ చేరరు.

నేను చెప్పేది ఒక్కటే. ప్లేయర్ ఉన్నా లేకపోయినా వీధికి తన పని తనకుండాలి. ప్లేయర్ వస్తే ఆ పనికి అడ్డమైనా పడాలి, అందులో కలిసైనా పోవాలి. గ్రాఫిక్స్, మ్యాప్ సైజు ఆ తర్వాతి సంగతులు. గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్, అంటే ఇంజిన్, గోడో అయినా, యూనిటీ అయినా, అన్‌రియల్ అయినా అడుగులు ఇవే. డబ్బు పెట్టలేనివాళ్లకు గోడో, బొమ్మలు మోడల్ చేసే బ్లెండర్, శబ్దాలు సరిచేసే ఆడాసిటీ మూడూ ఉచితమే. అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సులో చేరితే సాఫ్ట్‌వేర్ వచ్చేస్తుంది. వీధిని చూడటం మాత్రం వీధిలోనే నేర్చుకోవాలి.

1. ఒక్క వీధి, ఒక్క పూట

చార్మినార్ నుంచి ఉత్తరంగా, నాలుగు కమాన్ల మధ్య ఉన్న గుల్జార్ హౌజ్ దాకా తీసుకోండి. అది కూడా ఎక్కువనిపిస్తే సగానికి కోసేయండి. ఒక ఇరానీ హోటల్, ఒక గాజుల దుకాణం, ఒక అత్తరు కొట్టు, ఒక పండ్ల బండి, రెండు ఆటోలు, కొన్ని పావురాలు, ఒక పిల్లి. పేరూ పనీ ఉన్న మనుషులు పన్నెండు మంది చాలు. మిగతావాళ్లు దారిన పోయేవాళ్లు.

తర్వాత ఏ పూటో తేల్చుకోండి. నన్నడిగితే రంజాన్ సాయంత్రం తీసుకోమంటాను. ఇఫ్తార్‌కు ముందు ట్రాఫిక్ ఒక్కసారిగా ముదురుతుంది, హారన్లు పెరుగుతాయి, అందరికీ తొందరే. సైరన్, అజాన్ వినపడగానే కొన్ని నిమిషాలు వీధి సద్దుమణుగుతుంది. కౌంటర్ మీద పేపర్ పరిచి ఖర్జూరాలు, పండ్ల ముక్కలు పంచుకుంటారు. తర్వాత లాడ్ బజార్ వైపు జనం మొదలై అర్ధరాత్రి దాటినా తగ్గరు. ఒకే వీధి మూడు రకాలుగా మారిపోతుంది, మీరు ఒక్క కథ కూడా రాయక్కర్లేదు.

ఏ ఏడాదో కూడా రాసిపెట్టుకోండి. రంజాన్ నెల ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2017లో మే చివర్లో మొదలైంది, 2025లో మార్చి మొదట్లోనే వచ్చేసింది. మే ఎండ వేరు, మార్చి వేడి వేరు, సూర్యాస్తమయం వేరు. ఈ ఒక్క నిర్ణయం మీద లైటింగ్, బట్టలు, పండ్ల బండి మీద ఏ పండ్లుంటాయి అన్నవన్నీ ఆధారపడతాయి.

2. వెళ్లి కూర్చోండి, పనులు రాసుకోండి

ఇరానీ హోటల్లో బయటికి కనిపించే టేబుల్ దగ్గర కూర్చోండి. ఫొటోలు తర్వాత తీయొచ్చు. ముందు నోట్‌బుక్ తెరిచి కనపడే వస్తువుల్ని వదిలేసి, జరుగుతున్న పనుల్ని రాయండి. "షట్టర్ ఎత్తాడు, ముందు నీళ్లు చల్లాడు, అగరుబత్తి వెలిగించాడు, మొదటి బేరం అయ్యేదాకా అప్పు ఇవ్వలేదు" ఇలా. "పాత షట్టర్, నీలం రంగు" అని రాసుకుంటే అది మోడల్ అవుతుంది. పై వాక్యం రాసుకుంటే అది మనిషి అవుతుంది.

ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో ప్రత్యేకంగా చూడండి. లోబాన్ (సాంబ్రాణి) పొగ పట్టుకుని దుకాణం దుకాణం తిరిగే ఫకీరు వస్తే యజమాని బేరం మధ్యలో కూడా గల్లాలో చెయ్యి పెడతాడు. బండి తోసుకొచ్చే మనిషి "జరగండి" అంటే ఎవరు జరుగుతారు, ఎవరు జరగరు? ఆటో అన్న ఎక్కడ ఆపితే పండ్ల బండి ఆయన కసురుకుంటాడు? మనుషుల మధ్య ఉన్న ఈ చిన్న లింకులే మీ అసలు సరుకు.

గొంతులు రికార్డు చేసేటప్పుడు, ముఖాలు తీసేటప్పుడు అడిగి తీసుకోండి. చాయ్ తాగుతూ అడిగితే చాలామంది కాదనరు. కాదంటే ఊరుకోండి.

3. ప్రతి మనిషికీ మూడు లైన్లు

ఎన్‌పీసీలకు, అంటే ప్లేయర్ కాకుండా గేమ్ నడిపే మనుషులకు, దినచర్య పెట్టడం కొత్తేమీ కాదు. 1988లో వచ్చిన అల్టిమా 5లోనే ఊరి జనం పొద్దున్నే లేచి పనికి పోయి, రాత్రికి ఇంటికి చేరేవాళ్లు. 1999 నాటి షెన్మూ, 2006 నాటి ఆబ్లివియన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. మనకు అంత యంత్రాంగం అక్కర్లేదు. ఒక్కో మనిషికి మూడు లైన్లు రాయండి: ఎక్కడికి పోవాలి, ఎందుకు పోవాలి, పని జరగకపోతే ఏం చేస్తాడు.

మొదటి రెండూ అందరూ రాస్తారు. మూడోది రాసేవాళ్లు తక్కువ, వీధికి ప్రాణం వచ్చేది మాత్రం దానితోనే.

హోటల్లో చాయ్ మోసే మనిషిని తీసుకుందాం. ట్రేలో నాలుగు గ్లాసులతో గాజుల దుకాణానికి వెళ్తాడు. దారిలో ఆటో అడ్డం ఉంటే చుట్టూ తిరుగుతాడు. దుకాణం మూసి ఉంటే పక్కన అత్తరు కొట్టు ఆయన్ని అడిగి వెనక్కొస్తాడు. దుకాణం తెరిచి ఉంటే గ్లాసు కౌంటర్ మీద పెడతాడు. యజమాని పని ఆపి తాగుతాడు. ఖాళీ గ్లాసు అక్కడే ఉంటుంది, తర్వాతి రౌండులో తీసుకెళ్తాడు. ఇప్పుడు ప్లేయర్ పరుగెత్తుతూ వచ్చి అతన్ని గుద్దాడనుకోండి. చాయ్ ఒలికింది. గాజుల ఆయనకు చాయ్ అందలేదు. కాసేపు చూసి హోటల్ వైపు కేక వేస్తాడు. ఈ సీన్ మీరు ఎక్కడా రాయలేదు. ముగ్గురి మూడో లైన్లు కలిసి దాన్ని పుట్టించాయి.

ఆ గ్లాసును గమనించండి. ఇద్దరు మనుషుల్ని కలిపింది అదే. మీ వీధిలో ఇలా చేతులు మారే వస్తువులు నాలుగైదు ఉండాలి: గ్లాసు, చిల్లర, పాత న్యూస్‌పేపర్, మంచి నీళ్ల క్యాన్, ఆటో తాళం. ఎన్‌పీసీలు ఒకరితో ఒకరు మాట్లాడకపోయినా ఇవి తిరుగుతుంటే చాలు, వాళ్లు ఒకరికొకరు తెలుసని ప్లేయర్‌కు అర్థమైపోతుంది.

కోడ్ తేలిక కావాలంటే 2000లో వచ్చిన ది సిమ్స్ పద్ధతి పట్టుకోండి. అందులో తెలివి మనిషిలో కన్నా వస్తువులో ఎక్కువ. కుర్చీయే "ఇక్కడ కూర్చోవచ్చు" అని ప్రకటిస్తుంది, ఫ్రిజ్ "ఆకలి తీరుస్తా" అంటుంది, మనిషి తన అవసరాన్ని బట్టి ఎంచుకుంటాడు. మన వీధిలో నీడ ఉన్న అరుగు "నిలబడొచ్చు" అంటుంది, పాన్ డబ్బా "కబుర్లు దొరుకుతాయి" అంటుంది. కొత్త అరుగు పెట్టిన ప్రతిసారీ మనుషుల స్క్రిప్టులు ముట్టుకోనక్కర్లేదు.

గడియారంతో ఒక చిక్కుంది, ముందే తెలుసుకోండి. జీటీఏ 5లో ఒక రోజు 48 నిమిషాల్లో అయిపోతుంది, మైన్‌క్రాఫ్ట్‌లో 20 నిమిషాల్లో. మీరు 48 పెట్టుకున్నారంటే కాలం 30 రెట్లు వేగంగా నడుస్తుంది. కానీ మనిషి నడక వేగం మారదు. సెకనుకు 1.4 మీటర్ల చొప్పున 100 మీటర్లు నడవడానికి మనకు 71 సెకన్లు పడుతుంది, గేమ్ గడియారంలో అది దాదాపు 36 నిమిషాలు! "4:00కి చాయ్, 4:10కి గ్లాసు తీసుకోవాలి" అని టైములు రాస్తే అంతా గందరగోళమే. అందుకే పెద్ద మార్పులకు మాత్రమే గడియారం వాడండి: షట్టర్ తెరవడం, ఇఫ్తార్, దీపాలు వెలగడం. చిన్న పనులన్నీ వరసతో నడపండి. ఒకటి అయ్యాక ఇంకొకటి, అంతే.

4. చూడని చోట లెక్క, చూసే చోట నాటకం

సెకనుకు 60 ఫ్రేములంటే (ఫ్రేమంటే తెర మీద గీసే ఒక్కో బొమ్మ) ఒక్కో ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లే ఉంటాయి. అందులో బొమ్మ గీయాలి, ఫిజిక్స్ చూడాలి, శబ్దం కలపాలి, మనుషుల బుర్రలూ నడపాలి. అందరినీ ప్రతి ఫ్రేములో ఆలోచింపజేయక్కర్లేదు. దగ్గరున్నవాళ్లకు పూర్తి యానిమేషన్, మధ్య దూరంలో ఉన్నవాళ్లు సెకనుకు రెండు మూడు సార్లు నిర్ణయం తీసుకుంటే చాలు, కనపడనివాళ్లు కేవలం పట్టికలో ఒక వరస. అదీ అందరివీ ఒకే ఫ్రేములో కాకుండా వంతులవారీగా చూడండి.

కనపడని మనిషి దగ్గరకు ప్లేయర్ వచ్చేసరికి అతని పని సగంలో ఉండాలి. గాజుల ఆయన అప్పుడే లేచి పనికి కూర్చుంటున్నట్టు కనిపిస్తే ప్లేయర్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. లక్క వేడెక్కి, సగం అద్దాలు అతికించి ఉన్న గాజు చేతిలో ఉండాలి. పట్టికలో టైమ్ చూసి, యానిమేషన్‌ను మధ్య నుంచి మొదలుపెట్టడమే దీనికి చేయాల్సింది.

5. శబ్దం: సగం వీధి చెవిలోనే ఉంది

కళ్ల ముందున్నది బాగోకపోయినా సర్దుకుంటారు గానీ చెవికి అబద్ధం తెలిసిపోతుంది. ఈ అడుగు మీద మోడలింగ్ కన్నా ఎక్కువ టైమ్ పెట్టమని నా సలహా.

మూడు పొరలుగా కట్టండి. దూరపు పొర అంటే ఊరి మొత్తం హోరు. మధ్య పొరలో ఆటోల ఇంజిన్లు, బేరాల గోల, హోటల్ లోపలి గ్లాసుల చప్పుడు. దగ్గరి పొర ప్లేయర్ పక్కనే జరిగేది: గాజుల గలగల, చిల్లర లెక్కపెట్టడం, షట్టర్ కిర్రుమనడం. దూరపు పొరకు ఒకే ఒక్క లూప్ (మళ్లీ మళ్లీ మోగే రికార్డింగ్) పెడితే కాసేపట్లో దొరికిపోతుంది. 47 సెకన్ల లూప్ ఒకటి, 61 సెకన్ల లూప్ ఒకటి కలిపి వదలండి. రెండూ మళ్లీ ఒకే చోట కలవడానికి 2867 సెకన్లు, అంటే దాదాపు 48 నిమిషాలు పడుతుంది. మన గేమ్ రోజంతా అంతే. ఒక హారన్ ప్రతి నిమిషానికీ అదే చోట వినపడే జబ్బు దీనితో పోతుంది.

చిన్న శబ్దాలకు ఒక్కోదానికి నాలుగైదు రికార్డింగులు పెట్టి, పిచ్, వాల్యూమ్ కొంచెం అటూ ఇటూ మారేలా చూడండి. గోడో 4లో ఆడియోస్ట్రీమ్ రాండమైజర్ ఆ పని చేసేస్తుంది. రికార్డింగ్ ఫోన్‌తో చేసినా పర్వాలేదు, మైక్ దగ్గర గాలి కొట్టకుండా చిన్న స్పాంజి ముక్క పెట్టుకోండి. దగ్గరి శబ్దాలు పట్టుకోవాలంటే తెల్లవారకముందే వెళ్లాలి. పగలు ఏ గ్లాసు పెట్టినా వెనక పది హారన్లు ఉంటాయి.

దూరం గురించి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, కిలోమీటరుకు మూడు సెకన్ల ఆలస్యం. ఉరుముకు ఈ ఆలస్యం పెట్టి చూడండి, వాన ఎంత దూరంలో ఉందో ప్లేయర్‌కు ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. అజాన్ కూడా అన్ని మసీదుల నుంచి ఒకే క్షణంలో రాదు. ఒకటి మొదలయ్యాక ఇంకొకటి, వేర్వేరు గొంతులు, వేర్వేరు దూరాలు. ఒకే ఫైలు నాలుగు వైపుల నుంచి వదిలితే పాతబస్తీలో పుట్టినవాడు వెంటనే పట్టేస్తాడు. అజాన్‌ను గౌరవంగా వాడండి. దాన్ని ఫైటింగ్ సీను వెనక మ్యూజిక్ చేయకండి.

కట్టడాలకూ గొంతుంటుంది. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దాకా వినపడటం మనందరం చిన్నప్పుడు స్కూలు టూర్లో చేసిందే. కమాను కింద నడిచినప్పుడు అడుగుల చప్పుడు మారాలి. హోటల్లోకి అడుగుపెట్టగానే బయటి హోరులో పదును తగ్గి మందంగా మారాలి, ఫ్యాను చప్పుడు పైకి రావాలి. పదును తగ్గించే లో పాస్ ఫిల్టర్ ఒకటి, ప్రతిధ్వని ఇచ్చే రివర్బ్ ఒకటి, అంతకు మించి అక్కర్లేదు.

ఇఫ్తార్ సైరన్ తర్వాత హారన్ల పొరను దాదాపు తీసేయండి. అంత గోల తర్వాత పావురాల రెక్కలు, గ్లాసులు, ఎవరో నీళ్లు పోస్తున్న చప్పుడు మాత్రమే వినపడితే ప్లేయర్ నడక దానంతటదే నెమ్మదిస్తుంది.

6. వీధి మిమ్మల్ని చూడాలి, గుర్తుపెట్టుకోవాలి

మూడు మీటర్ల లోపలికి ప్లేయర్ వస్తే అర సెకను తల తిప్పి చూసి, మళ్లీ పనిలో పడాలి. అందరూ కాదు. తీరిగ్గా ఉన్నవాళ్లు చూస్తారు, బేరంలో ఉన్నవాళ్లు చూడరు. అందరి తలలూ ఒకేసారి తిరిగితే మాత్రం హారర్ గేమ్ అయిపోతుంది. బండి తోసేవాడు ఆగడు, మీరే తప్పుకోవాలి. మక్కా మసీదు ఆవరణలో పావురాలు పరుగెత్తితే లేస్తాయి, నెమ్మదిగా నడిస్తే దారిస్తాయి. పిల్లి కసాయి దుకాణం దగ్గరే ఉంటుంది, మీరు వంద పిలుపులు పిలిచినా రాదు.

జ్ఞాపకానికి ఒక్కో మనిషికి ఒక్క గడి చాలు: ప్లేయర్ చివరిగా ఏం చేశాడు. మొదటిసారి పౌనా అనే రకం చాయ్ అడిగితే, రెండోసారి వెయిటర్ "పౌనానే కదా అన్నా?" అంటాడు. చాయ్ ఒలకబోసి వెళ్లిపోతే మరునాడు ట్రే పట్టుకుని ఒక అడుగు పక్కకు జరుగుతాడు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో దారిన పోయే ఎవరినైనా పలకరించొచ్చు, గొడవైనా పెట్టుకోవచ్చు. దాని వెనక పెద్ద స్టూడియో ఉంది. పన్నెండు మందికి తలా ఒక గడి మాత్రం ఒక్కరు చేయగలిగిన పనే.

7. మాట

హైదరాబాదీ యాస అనగానే సినిమా కామెడీ ట్రాకు రాసేయకండి. ఇక్కడ ఒకే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూడు భాషలు మార్చుతాడు. గాజుల ఆయన పక్క కొట్టుతో దక్కనీ ఉర్దూలో, గుంటూరు నుంచి పెళ్లి షాపింగుకు వచ్చినవాళ్లతో తెలుగులో, విదేశీయులతో ఇంగ్లీషు అంకెల్లో మాట్లాడతాడు. ఎవరితో ఏ భాషో ఒక పట్టికలో రాసుకోండి. మాటలు పొట్టిగా ఉండాలి. "చిల్లర ఇయ్యన్నా." "సేటు లేడు, రేపు రా." "నక్కో భాయ్, బస్." "గీడ బండి పెట్టొద్దన్నా, పోలీసులొస్తరు."

ఒకసారి విన్న లైను మళ్లీ చాలాసేపటి దాకా రాకూడదు. ఇద్దరు మాట్లాడుకుంటుండగా ప్లేయర్ దగ్గరికి వస్తే మాట మధ్యలో ఆపేసి చూస్తే ఇంకా మంచిది. ఆ మాట చివర ఏముందో ప్లేయర్‌కు ఎప్పటికీ చెప్పకండి.

8. ఎండ, వాన

హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి కాస్త పైన ఉంది. మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఇంజిన్లలో డిఫాల్ట్‌గా ఉండే ఏటవాలు ఎండ పెట్టి మే మధ్యాహ్నం అంటే నమ్మబుద్ధి కాదు. నవంబరు చివర సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో, జూలై మొదట్లో 6:55 ప్రాంతంలో. లైటును ఈ లెక్కకు కట్టేయండి. ఆ పైన, మనుషుల్ని నీడకు కట్టేయండి. నీడ రోడ్డుకు అవతలి వైపుకు మారితే పండ్ల బండి కూడా అటు మారాలి.

వానలో చినుకుల కన్నా ముందు జరిగే హడావుడి ముఖ్యం. గాలి లేస్తుంది, దుమ్ము, పాత కవర్లు ఎగురుతాయి, టార్పాలిన్ పట్టాలు గబగబా దించుతారు, కౌంటర్ మీది బట్టలు లోపలికి పోతాయి. బైకులన్నీ ఫ్లైఓవర్ కింద గుంపుగా ఆగిపోతాయి. ద విచర్ 3లో వాన మొదలైతే ఊళ్లోవాళ్లు చూరు కిందికి పరుగెత్తుతారు, ఆ ఒక్క ప్రవర్తన వల్లే వాన నిజమనిపిస్తుంది. షెన్మూ చేసినవాళ్లయితే యోకొసుకా ఊరి 1986 నాటి వాతావరణ రికార్డుల్నే గేమ్‌లో పెట్టారు. వాన వెలిసాక నీళ్లు వెంటనే మాయం కాకూడదు. గుంతల్లో నిలవాలి, ఆటో పోతే చింది ప్లేయర్ మీద పడాలి.

9. గోడలు, బోర్డులు

ఇది క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే అందరూ ఇక్కడే ఎక్కువ టైమ్ తగలేస్తారు. పాతదనం అంటే అన్నిటి మీదా ఒకే మురికి టెక్స్చర్ (మోడల్ మీద అతికించే బొమ్మ) పూయడం కాదు. చార్మినార్ 1591 నాటిది, దాని గడియారాలు 1889లో పెట్టారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చాక ఊరి రూపమే మారింది. వీటి పైన కరెంటు తీగలు, సీసీ కెమెరాలు, నిన్నటి పోస్టర్లు. ఏది దేని మీద వచ్చి చేరిందో తెలిసేలా పెట్టండి. అరుగుదల చేతులు తగిలే చోటే ఉండాలి: షట్టర్ పిడి, మెట్టు అంచు, కౌంటర్ మూల.

బోర్డులు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలో రాయండి. కొన్ని ఇంజిన్ల టెక్స్ట్ టూల్స్‌లో తెలుగు వత్తులు విడిపోతాయి, ఉర్దూ అక్షరాలు కలవకుండా తిరగబడతాయి. గోడో 4లో ఈ బాధ తక్కువ. మీ ఇంజిన్‌లో మొదటి రోజే "స్త్రీ", "రాష్ట్రం" టైప్ చేసి చూడండి. విరిగితే బోర్డుల్ని బొమ్మలుగా చేసి అతికించేయండి, టెన్షన్ పోతుంది.

10. చేతులు తీసేసి చూడటం

వీధి తయారయ్యాక కంట్రోలర్ కింద పెట్టి, ప్లేయర్‌ను ఒక మూల నిలబెట్టి, గేమ్‌లో ఒక రోజంతా రికార్డు చేయండి. వీడియో చూస్తూ మూడు రకాల చోట్లు రాసుకోండి: ఎవరైనా కారణం లేకుండా ఆగిన చోటు, అదే పని అదే క్రమంలో రెండుసార్లు జరిగిన చోటు, ఎవరూ ఎవరి కోసమూ ఆగని పొడవాటి ఖాళీ. మొదటిది బగ్, రెండోది రాండమ్‌గా మార్పు చాలని లోపం, మూడోదానికి ఇంకో గ్లాసులాంటి వస్తువు కావాలి.

తర్వాత గేమ్స్ ఆడని, కానీ ఆ వీధి తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. ఎలా ఉందని అడగొద్దు, "బాగుంది బిడ్డా" అనేస్తారు. "ఈ దుకాణం ఆయన ఇప్పుడు ఎటు పోతున్నాడు?" అని అడగండి. చెప్పగలిగితే మీ స్క్రిప్టు పని చేస్తున్నట్టే. "ఈ టైమ్‌కు ఈ కొట్టు తెరవరు" లాంటివి వాళ్లే చెబుతారు, అవి ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకవు.

ఆఖరికి పాత ల్యాప్‌టాప్ మీద నడిపితే ఫ్రేములు పడిపోతాయి, ఏదో ఒకటి కోయక తప్పదు. ముందు దారిన పోయే జనాన్ని సగానికి తగ్గించండి. తర్వాత దూరపు నీడలు, ఆ తర్వాత టెక్స్చర్ల సైజు. పన్నెండు మంది మూడో లైన్లు, మూడు పొరల శబ్దం, తలా ఒక జ్ఞాపకం గడి మాత్రం ముట్టుకోకండి. ప్రాసెసర్ మీద వాటి బరువు చాలా తక్కువ.